హ్యాంగర్ హాస్యం: విమానాల మరమ్మతు, ఎగరడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యాంగర్లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, పనిచేసేవాళ్ళ జోకుల్లో చాలావాటి వెనక ఒక పార్ట్ నంబరో, మాన్యువల్ పేజీనో ఉంటుంది. అది తెలియకపోతే సగమే నవ్వొస్తుంది. అందుకే ఇక్కడ రెండూ కలిపి చెప్పాం.

పైలట్ ఫిర్యాదుకి మెకానిక్ వెటకారంగా జవాబు రాసినట్టు బోలెడు జోకులు తిరుగుతుంటాయి. అవి నిజంగా టెక్ లాగ్‌లో రాసినవేనా?

దాదాపు అన్నీ విరామ గదిలో పుట్టినవే. టెక్ లాగ్ విమానంతో పాటు తిరిగే అధికారిక పత్రం. ఒక గడిలో పైలట్ స్నాగ్, అంటే తనకి కనబడిన లోపం, రాస్తారు. పక్క గడిలో ఇంజినీరు ఏం చేశారో, మాన్యువల్‌లో ఏ చాప్టర్ ప్రకారం చేశారో రాసి, లైసెన్సు నంబరు వేసి సంతకం పెడతారు. రేపు ఏదైనా జరిగితే దర్యాప్తువాళ్ళు ముందు అడిగేది ఆ పుస్తకాన్నే. అందులో చమత్కరించినవాళ్ళు ఆ చమత్కారాన్ని బల్లకి అవతల కూర్చున్న ముగ్గురికి గట్టిగా చదివి వినిపించాల్సి రావచ్చు. అప్పుడు ఎవరూ నవ్వరు.

బాణీ మాత్రం నిజమైనదే. మచ్చుకి:

పైలట్: ఎడమ ఇంజిన్ నుంచి వింత శబ్దం.
మెకానిక్: కుడి ఇంజిన్ కూడా విన్నాం. దానిదీ అదే శబ్దం. ఇక వింత కాదు.

పైలట్: కాక్‌పిట్ గడియారం 12 నిమిషాలు వెనక ఉంది.
మెకానిక్: విమానం 40 నిమిషాలు ఆలస్యం. ఆ లెక్కన గడియారం 28 నిమిషాలు ముందుంది.

పైలట్: కాక్‌పిట్‌లో ఏదో వాసన.
మెకానిక్: ఏ సీటు వైపు నుంచో దయచేసి రాయండి.

పైలట్: కుడివైపు వైపర్ ఆగి ఆగి కదులుతోంది.
మెకానిక్: అద్దం పొడిగా ఉంది. వర్షం పడ్డాక చూస్తాం.

చివరిది సగమే జోకు. పొడి అద్దం మీద వైపర్ ఆడిస్తే అద్దం గీతలు పడుతుంది, అందుకే నీళ్ళు పోసి పరీక్షిస్తారు. ఇక ఆ వింత శబ్దం జోకులో తప్పంతా పైలట్‌దే. అంత తక్కువ సమాచారం ఇస్తే వచ్చే జవాబు కూడా అలాగే ఉంటుంది.

మరి స్నాగ్ ఎలా రాస్తే మెకానిక్ వెటకారం చేయరు?

ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, ఏం చేస్తే పోయింది: ఈ నాలుగూ ఉంటే చాలు. తెర మీద మెసేజ్ వస్తే అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాలి. స్విచ్ ఏదైనా తిప్పి ఉంటే అదీ రాయాలి. తిప్పి చూసి, పోయిందని ఊరుకుని, రాయకుండా దిగిపోయేవాళ్ళ గురించి హ్యాంగర్లో పుట్టిన జోకులు ఇక్కడ అచ్చువేయదగ్గవి కావు.

ఉదాహరణకి "టేకాఫ్‌లో అదురు" అని రాస్తే ఇంజిన్ దగ్గర్నుంచి తలుపు రబ్బరు దాకా అన్నీ వెతకాలి. అదే "గేర్ ఎత్తిన వెంటనే నేల కింద అదురు, సుమారు 5 సెకన్లు, తర్వాత దానంతటదే పోయింది" అని రాస్తే మెకానిక్ నేరుగా ముక్కు చక్రాల దగ్గరికి నడుస్తారు. గేర్, అంటే చక్రాల కాళ్ళు, మడుచుకునేటప్పుడు మెయిన్ చక్రాలకు బ్రేకు దానంతటదే పడుతుంది. ముక్కు చక్రాలకు చాలా విమానాల్లో బ్రేకులే ఉండవు. అవి గిర్రున తిరుగుతూనే లోపలికి వెళ్ళి, అక్కడ బిగించిన ప్యాడ్‌కి రాసుకుని ఆగుతాయి. టైరు ఒక పక్క ఎక్కువ అరిగినా, చక్రం బ్యాలెన్స్ తప్పినా ఆ నాలుగైదు సెకన్లూ పైలట్ కాళ్ళ కింద దరువు మోగుతుంది. ఒక్క వాక్యం సరిగ్గా రాసినందుకు ఒక రాత్రి పని గంటలో అయిపోతుంది.

"నేల మీద పరీక్షించాం, బాగానే ఉంది" అంటే అసలు చూడలేదనేనా?

చూస్తారు. కానీ నేల మీద ఆ లోపం కనబడదు. 35,000 అడుగుల ఎత్తున బయట చలి మైనస్ 50 డిగ్రీలు దాటుతుంది. లోహం కుంచించుకుంటుంది, కనెక్టర్‌లో చేరిన తేమ గడ్డకడుతుంది, ఒక పిన్ వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. కిందికి దిగేసరికి అన్నీ యథాస్థానంలో బుద్ధిగా కూర్చుని ఉంటాయి.

ఇలాంటివాటికి పాత చిట్కా ఒకటుంది. ఎడమ, కుడి వైపుల్లో ఒకే పార్ట్ నంబరు ఎలక్ట్రానిక్ పెట్టెలుంటే, మాన్యువల్ ఒప్పుకుంటే, రెంటినీ అటూ ఇటూ మార్చి లాగ్‌లో రాసి పెడతారు. తర్వాతి ఫ్లైట్‌లో లోపం పెట్టెతో పాటు రెండోవైపుకి వెళ్తే తప్పు పెట్టెది. ఉన్నచోటే ఉంటే తప్పు వైరింగ్‌ది, లేదా కనెక్టర్‌ది. ఈ పని చేయకుండా పెట్టె విప్పి వర్క్‌షాప్‌కి పంపితే, "ఏ లోపమూ లేదు" అన్న చీటీతో తిరిగొస్తుంది. లోపం మాత్రం విమానంలోనే హాయిగా తిరుగుతుంటుంది.

కొత్తగా చేరినవాళ్ళని "ఒక బకెట్ ప్రాప్‌వాష్ పట్రా" అని స్టోర్‌కి పంపుతారట. అదేంటి?

ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి. బకెట్‌లో పట్టదు. ఇదే కోవలో "వంద అడుగుల ఫ్లైట్‌లైన్", అంటే విమానాలు వరసగా నిలిపే చోటు. "ఎడమ రెక్క దీపానికి ఎర్ర నూనె, కుడిదానికి ఆకుపచ్చది" కూడా ఇంకొకటి. ఎడమ దీపం ఎరుపు, కుడిది ఆకుపచ్చ అన్నది నిజమే. నూనె ఒక్కటే అబద్ధం.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, అచ్చం ఇలాగే వినబడే నిజమైన వస్తువులూ ఉన్నాయి. "మౌస్ మిల్క్" అంటే ఎలుక పాలు కాదు, బిగుసుకుపోయిన బోల్టులు వదలడానికి వాడే నూనె బ్రాండ్. "పికిల్ ఫోర్క్" బోయింగ్ 737లో రెక్కని పొట్టభాగానికి కలిపే చోట ఉండే ఫిట్టింగ్. "జీసస్ నట్" హెలికాప్టర్ ప్రధాన రోటర్‌ని పట్టి ఉంచే నట్‌కి ముద్దుపేరు. అది ఊడితే ఎవర్ని తలుచుకోవాలో పేరులోనే ఉంది. రెండుసార్లు మోసపోయిన కుర్రాడు మూడోసారి నిజంగా మౌస్ మిల్క్ తెమ్మన్నప్పుడు కదలడు. తప్పు అతనిది కాదు.

విమానం బయల్దేరే ముందు కింద కుక్క మొరుగుతున్నట్టు వినిపించింది. సామాన్ల గదిలో ఎవరో ఇరుక్కున్నారా?

మీరు ఎక్కింది ఎయిర్‌బస్ ఎ320 కుటుంబంలో ఏదో ఒకటి. ఆ మొరుగుడు పీటీయూది, అంటే పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్‌ది. ఇందులో మూడు హైడ్రాలిక్ సిస్టమ్‌లుంటాయి, అంటే నూనె పీడనంతో పనిచేసేవి. వాటిలో ఆకుపచ్చ, పసుపు అనే రెండిటి మధ్య ఉండేది పీటీయూ. ఆ రెంటిలోనూ మామూలు పీడనం 3,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). వాటి మధ్య తేడా 500 దాటగానే పీటీయూ ఒకదాని బలంతో రెండోదాన్ని లేపుతుంది. నూనె మాత్రం ఇటుది అటు కలవదు. ఒక ఇంజిన్ ఆడి ఇంకోటి ఆగి ఉన్నప్పుడు, అంటే స్టార్ట్ చేసేటప్పుడో, ఒకే ఇంజిన్ మీద ట్యాక్సీ చేసేటప్పుడో (నేల మీద నడిపేటప్పుడో), ఆగి ఆగి పనిచేస్తుంది. అదే ఆ "భౌ భౌ".

రెక్క మీద టేప్ అంటించి ఉంది. ఫొటో కూడా తీశాం. దిగిపోవాలా?

దిగక్కర్లేదు. అది అట్టపెట్టెలకి అంటించే టేప్ కాదు, స్పీడ్ టేప్: అల్యూమినియం రేకు, వెనక గట్టి జిగురు. బలం కోసం కాదు, గాలి దూరకుండా, నీరు చేరకుండా, పెయింట్ ఇంకా లేవకుండా తాత్కాలికంగా వేస్తారు. ఎక్కడ, ఎంత మేర వేయొచ్చో మాన్యువల్ చెబుతుంది. వేశాక లాగ్‌లో రాస్తారు. కొన్ని బోయింగ్ 787 రెక్కల మీద కనిపించే టేప్ ముక్కలు పెయింట్ ఊడిన చోట్లవే. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి అక్కడ పెయింట్ పట్టు వదిలేసింది.

వేసేటప్పుడు చేసే తప్పులు రెండు. సాల్వెంట్‌తో తుడవకుండా అంటించడం ఒకటి. వరస తప్పడం రెండోది. ముందు వెనకవైపు ముక్క వేసి, దాని అంచు మీదికి వచ్చేలా ముందువైపు ముక్క వేయాలి, పెంకులు కప్పినట్టు. తిరగేసి వేస్తే గాలి అంచు కిందికి దూరి మొత్తం ఊడబీకుతుంది. మూలలు గుండ్రంగా కత్తిరించి, ప్లాస్టిక్ బిళ్ళతో గట్టిగా రుద్దాలి. ఇంత చేసినా కిటికీ పక్క సీటువాళ్ళు ఫొటో తీస్తారు. దానికి మందు లేదు.

కంప్యూటర్‌లాగే విమానాన్ని కూడా ఆపి మళ్ళీ ఆన్ చేస్తారా?

చేస్తారు, అందులో దాపరికమేమీ లేదు. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 787ల విషయంలో ఒక ఆదేశం జారీచేసింది: 248 రోజులు ఆపకుండా కరెంటు ఉంచితే జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఒకేసారి ఫెయిల్‌సేఫ్‌లోకి, అంటే తమంతట తామే ఆగిపోయే రక్షణ స్థితిలోకి, పోవచ్చు, కాబట్టి ఈలోపే ఒకసారి పూర్తిగా ఆపండి అని. కారణం లోపల లెక్కపెట్టే కౌంటర్ నిండిపోవడం. సెకనులో నూరో వంతు చొప్పున 2,147,483,648 దాకా లెక్కపెడితే 248 రోజుల పైచిలుకు వస్తుంది. ఎ350ల కొన్నింటికి 149 గంటలకి మించకుండా ఆపి ఆన్ చేయాలని 2017లో యూరప్ సంస్థ ఈఏఎస్‌ఏ చెప్పింది. సాఫ్ట్‌వేర్ మార్పులు తర్వాత వచ్చాయి.

సర్క్యూట్ బ్రేకర్ల సంగతి వేరు. గాల్లో బ్రేకర్ పడితే, అది నిజంగా అవసరమైనదైతేనే, చల్లారనిచ్చి ఒక్కసారి నొక్కొచ్చు. మళ్ళీ పడితే వదిలేయాలి. ఇంధన పంపు బ్రేకర్‌ని మాత్రం ఆ ఒక్కసారి కూడా నొక్కకూడదు. ఎక్కడో వైరు కాలుతోందని అది చెబుతుంటే "నోర్ముయ్" అని నొక్కినట్టవుతుంది.

విమానంలో పొగ తాగడం నిషేధం కదా, టాయిలెట్ తలుపు దగ్గర యాష్‌ట్రే ఎందుకు?

నిషేధం ఉంది కాబట్టే. నిషేధాన్ని లెక్కచేయనివాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. వాడు పీకని కాగితాల డబ్బాలో పడేయకూడదు. 1973లో పారిస్ దగ్గర వారిగ్ 820 విమానం టాయిలెట్ వైపు నుంచి మొదలైన మంటల వల్లే కూలింది. 123 మంది చనిపోయారు. అందుకే యాష్‌ట్రే తప్పనిసరి పరికరం. ఊడిపోతే కొన్ని రోజుల్లోపే కొత్తది పెట్టాలి. యాష్‌ట్రే లేదని స్నాగ్ రాస్తే కొత్తవాళ్ళు నవ్వుతారు, పాతవాళ్ళు స్టోర్‌కి ఫోన్ చేస్తారు.

"పనిచేయదు" అని స్టిక్కర్ ఉన్నా విమానం ఎలా ఎగురుతుంది?

ఎంఈఎల్ అని ఒక జాబితా ఉంటుంది. ఏది పనిచేయకపోయినా ఎగరొచ్చో, ఏ షరతుల మీదో, ఎన్నాళ్ళో అందులో ఉంటుంది. బి వర్గానికి 3 రోజులు, సి వర్గానికి 10, డి వర్గానికి 120. లోపం కనబడిన రోజు లెక్కలోకి రాదు. ఎ వర్గానికి గడువు ఆ వస్తువు పక్కనే రాసి ఉంటుంది. ఆ స్టిక్కర్‌ని నిద్రపోతున్న కోపైలట్ వీపుకి అంటించడం చాలా పాత జోకు. ఏ వర్గమో రాయడం మరిచిపోకండి.

పాత బోల్టు చేతిలో పట్టుకుని, దానికి సరిపోయే కొత్తది డబ్బాలో వెతుక్కుంటే తప్పేంటి?

పాతదే తప్పు బోల్టు అయి ఉండొచ్చు. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగాకి బయల్దేరిన బీఏసీ 1-11, ఫ్లైట్ 5390లో జరిగింది ఇదే. దానికి సుమారు 27 గంటల ముందు, రాత్రి షిఫ్ట్‌లో ముందు అద్దం మార్చారు. దానికి 90 బోల్టులు. కావాల్సిన రకం 8డి. విప్పిన పాతవి చాలావరకు 7డి: మందం సరైనదే, పొడవు కాస్త తక్కువ, అయినా ఎలాగో పట్టుకుని ఉన్నాయి. వాటిని కంటితో పోల్చి, వెలుతురు తక్కువున్న చోట డబ్బాలోంచి తీసుకున్నవి 8సి. మందంలో తేడా 0.026 అంగుళం. అరమిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. 90లో 84 ఇలాంటివే పడ్డాయి, మిగిలిన 6 పొట్టివి. 17,000 అడుగులు దాటాక అద్దం ఊడిపోయి కెప్టెన్ నడుము దాకా బయటికి పోయారు. సిబ్బంది కాళ్ళు పట్టుకుని వేలాడారు, కోపైలట్ సౌతాంప్టన్‌లో దింపారు. కెప్టెన్ బతికారు.

ఆ రాత్రి పార్ట్స్ కేటలాగ్ తెరిచి ఉంటే ఐదు నిమిషాల పని. పైగా స్టోర్‌లో ఉన్న మనిషి 8డి వాడాలని చెప్పారు కూడా. స్టోర్‌వాళ్ళ మీద హ్యాంగర్లో ఎన్ని జోకులున్నా, వాళ్ళు నంబరు చెబితే ఒకసారి వినండి.

టార్క్ రెంచ్ "టక్" అన్నాక ఇంకోసారి టక్‌మనిపిస్తే ఇంకా భద్రం కదా?

కాదు. టార్క్ అంటే బోల్టుని తిప్పే బలం. మొదటి టక్‌కే చెప్పిన టార్క్ వచ్చేసింది. రెండోది దాన్ని దాటించడమే. "తెగేదాకా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పు" అన్న జోకుకి ఇదే మొదటి మెట్టు. రెంచ్‌తో బోల్టు వదల్చకూడదు, సుత్తిలా కొట్టకూడదు, పని అయ్యాక స్కేలులో అన్నిటికంటే తక్కువ గీత దగ్గర పెట్టి దాచాలి. కింద పడిందంటే మళ్ళీ కాలిబ్రేషన్‌కి పంపాలి, ఎవరూ చూడకపోయినా సరే.

ఎక్కువ మంది తప్పేది క్రోఫుట్, అంటే రెంచ్ కొసకి తగిలించే చిన్న పానా, వాడినప్పుడు. రెంచ్ పొడవు 10 అంగుళాలు, తిన్నగా ముందుకి తగిలించిన క్రోఫుట్ 2 అంగుళాలు, బోల్టుకి కావాల్సింది 300 ఇంచ్-పౌండ్లు అనుకోండి. రెంచ్ మీద పెట్టాల్సింది 300 × 10 ÷ 12, అంటే 250. 300 పెడితే బోల్టు మీద 360 పడుతుంది. క్రోఫుట్‌ని 90 డిగ్రీలు పక్కకి తిప్పి పెడితే ఈ లెక్క అక్కర్లేదు. లెక్కలంటే బద్ధకం ఉన్నవాళ్ళు అందుకే అలా పెడతారు, అది తప్పూ కాదు.

లాక్‌వైర్ పనిలో ఎప్పుడూ వేళ్ళు తెగుతాయెందుకు?

లాక్‌వైర్ అంటే బోల్టులు వదులవకుండా మెలిపెట్టి కట్టే తీగ. కత్తిరించిన కొస సూదిలా ఉంటుంది కాబట్టి. ఎక్కువగా వాడే 0.032 అంగుళం వైరుకి అంగుళానికి 6 నుంచి 8 మెలికలు ఉండాలి. చివర నాలుగు మెలికలంత తోక వదిలి, లోపలికి వంచాలి. వంచకుండా వదిలేస్తే తర్వాత చెయ్యి పెట్టినవాళ్ళు మిమ్మల్ని పేరుపెట్టి తలుచుకుంటారు. వైరు లాగుడు ఎప్పుడూ బోల్టు బిగిసే వైపే ఉండాలి. బోల్టు వదులవుతున్నట్టు ఊహించుకోండి: వైరు బిగుసుకుంటే సరిగ్గా కట్టినట్టు, వదులైతే అలంకారానికి కట్టినట్టు. ఒకసారి విప్పిన వైరుని మళ్ళీ వాడరు.

స్కైడ్రాల్ అంటే అంత భయమెందుకు?

అది నిప్పు త్వరగా అంటుకోని ఊదారంగు హైడ్రాలిక్ ద్రవం. చేతి మీద మీకే తెలియని చిన్న గీతలన్నిటినీ అది వెతికి చూపిస్తుంది. కంట్లో పడితే నవ్వులాట కాదు: ధారాళంగా నీళ్ళతో కడిగి డాక్టర్‌కి చూపించాలి. పెయింట్‌నీ తినేస్తుంది. చిన్న విమానాల్లో వాడే ఎర్ర ఖనిజ నూనెకీ దీనికీ సీళ్ళు వేర్వేరు, ఒకదానివి ఇంకోదాంట్లో పెడితే ఉబ్బి పాడవుతాయి. కొత్తవాళ్ళకి మొదటిరోజు ఇచ్చే సలహా ఒకటే: చేతులు కడుక్కోవాల్సింది బాత్రూంకి వెళ్ళొచ్చాక కాదు, వెళ్ళే ముందు.

రెండు ఇంజిన్ల మీదా ఒకే పని ఒకే మనిషి చేయకూడదంటారు. అంత అపనమ్మకమా?

మనిషి మీద కాదు, అలవాటు మీద. ఒక చోట చేసిన తప్పునే మనం రెండో చోటా అంతే శ్రద్ధగా చేస్తాం. 1983 మే 5న మయామీ నుంచి బయల్దేరిన లాక్‌హీడ్ ఎల్-1011లో మూడు ఇంజిన్లకూ చిప్ డిటెక్టర్లు మార్చారు. ఇవి నూనెలో తేలే ఇనుప రజనుని పట్టే అయస్కాంతాలు. మూడింటికీ ఓ-రింగులు, అంటే నూనె కారకుండా వేసే రబ్బరు రింగులు, వేయలేదు. నూనె కారిపోయి ఒక ఇంజిన్ ఆపాల్సొచ్చింది, మిగతా రెండూ సముద్రం మీద ఆగిపోయాయి. మొదట ఆపినదాన్నే మళ్ళీ వెలిగించి మయామీకి తిరిగొచ్చారు. 172 మందీ క్షేమం.

రెండింజిన్ల విమానాలు సముద్రాలు దాటే నియమాల పేరు ఈటాప్స్. హ్యాంగర్ భాషలో దాని విస్తరణ "ఇంజిన్స్ టర్నింగ్ ఆర్ ప్యాసింజర్స్ స్విమ్మింగ్". ఆ నియమాల్లోనే ఈ వేరే మనిషి సంగతి కూడా ఉంది.

ల్యాండింగ్‌లో ధడేల్‌మని పడింది. పైలట్‌కి చేతకాలేదా?

చెప్పలేం. తడి రన్‌వే మీద గట్టిగా దింపడమే పద్ధతి. టైరు పీడనం 200 పీఎస్‌ఐ అయితే దాని వర్గమూలాన్ని 9తో గుణించండి, 127 వస్తుంది. సుమారు అన్ని నాట్ల (గంటకి సముద్ర మైళ్ళ) వేగం పైన టైరు నీటి మీద తేలిపోగలదు. చాలా జెట్లు అంతకంటే వేగంగానే నేల తాకుతాయి. మెత్తగా వాలిస్తే నీటి పొర మీదే జారతారు.

పొడి రన్‌వే మీద అయితే మాత్రం "గాలి పక్కనుంచి కొట్టింది" అన్నది ఆడలేక మద్దెల ఓడనడమే కావచ్చు. రికార్డర్‌లోని జీ విలువ, అంటే కుదుపు ఎంత గట్టిదో చెప్పే అంకె, పరిమితి దాటితే మెకానిక్‌లు టైర్లు, గేర్ బిగింపులు, ఇంజిన్ పట్టుకునే చోట్లు, రెక్క తొడుగు మీద ముడతలు, ఇంధనం కారడం అన్నీ చూడాలి. పైలట్ మరిచిపోయినా రికార్డర్ మరిచిపోదు.

కిలోలూ పౌండ్లూ తారుమారైతే నిజంగా విమానం ఆగిపోతుందా?

1983 జులై 23న ఆగిపోయింది. కెనడాలో ఒక 767కి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉంది. లీటరు బరువు 0.8 కిలో పైచిలుకు. లెక్కలో వాడింది 1.77, అది పౌండ్లలో లీటరు బరువు. దాంతో 20,000 లీటర్లు పోయాల్సిన చోట 4,917 పోశారు. 41,000 అడుగుల దగ్గర మొదలైన కథ రెండు ఇంజిన్లూ ఆగి, గిమ్లీ అనే చోట రేసు ట్రాక్‌గా మారిన పాత ఎయిర్‌బేస్ మీద ముగిసింది. అందరూ బతికారు. దాన్ని బాగుచేయడానికి వ్యాన్‌లో బయల్దేరిన మెకానిక్‌లకి దారిలో పెట్రోలు అయిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

విమానానికి హారన్ ఉంటుందా?

ఉంటుంది, ముక్కు చక్రం గూట్లో. కాక్‌పిట్ నుంచి కింద ఉన్న మెకానిక్‌ని పిలవడానికి. 737లో బయటి కరెంటు తీసేసి నావిగేషన్ యూనిట్లు బ్యాటరీ మీద వదిలేస్తే దానంతటదే మోగుతుంది. ట్రాఫిక్‌లో పనికిరాదు.

సాకెట్ ఒకటి కనబడటం లేదు. మెల్లగా కొత్తది పెట్టేస్తే?

వద్దు. పని ఆపి, చెప్పి, వెతకాలి. దొరికేదాకా, లేదా విమానంలో లేదని బాధ్యత ఉన్నవాళ్ళు సంతకం పెట్టేదాకా విమానం కదలదు. టూల్‌బాక్స్ నురుగులో ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే గుంట ఉండేది ఖాళీ వెంటనే కంటపడాలనే. ఇంజిన్ లోపల బోరోస్కోప్ (లోపలికి చూసే సన్నని గొట్టం) పెట్టే ముందు మీ జేబు చూసుకోండి. తర్వాత మీ పక్కవాళ్ళది.

ఎర్ర రిబ్బన్ కీచైన్లు అమ్ముతారు కదా, విమానం మీద ఉండేవి అవేనా?

రంగూ రాతా అవే, "రిమూవ్ బిఫోర్ ఫ్లైట్" అని. అసలైనవి గేర్ పిన్నులకీ, వేగం కొలిచే పిటాట్ గొట్టాల తొడుగులకీ వేలాడతాయి. పిన్ను తీయకపోతే గేర్ మడుచుకోదు, పైలట్ సిగ్గుపడుతూ తిరిగొస్తారు. తొడుగు తీయకపోతే వేగం చూపించదు, అది ఇంకా ప్రమాదం. బ్రిస్బేన్‌లో కందిరీగలు పిటాట్ గొట్టాల్లో మట్టితో గూళ్ళు కడతాయి కాబట్టి అక్కడ ఆగిన కాసేపటికే తొడుగులు వేస్తారు. 2018 జులైలో ఒక ఎ330 ఆ తొడుగులతోనే గాల్లోకి లేచింది, మూడింటిలో ఒక్కటీ తీయలేదు. క్షేమంగానే దిగింది.

అందుకే తీసినవాళ్ళు వాటిని లెక్కపెట్టి, చేత్తో పైకెత్తి కాక్‌పిట్ కిటికీ వైపు చూపిస్తారు. పైలట్ కూడా లెక్కపెట్టి బొటనవేలు ఎత్తుతారు. చూపించే గుత్తిలో మీ బండి తాళం కలవకుండా చూసుకోండి, ఒకటి ఎక్కువైనా మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టాలి.